ఎవరి బండో గాని

లారీకి కొత్త గొట్టాలు వేయించిన మర్నాడు పొద్దున్నే చెవులాయన తన బండిని తానే స్టార్ట్ చేసి, ఉలిక్కిపడి, ఆపేశాడు. ఒక్క క్షణం ఊరుకుని మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆపేశాడు. పక్క సీట్లో ఉన్న అక్క వైపు పూర్తిగా తిరిగి, ఆమెకి అర్థమయ్యేలా పెదాలు సాగదీస్తూ, "ఇది మన బండేనా?" అని అడిగాడు.

అక్క తలుపు తీసుకుని దిగింది. ముందుకెళ్ళి నంబరు పలక చూసింది. వచ్చి ఎక్కి కూర్చుంది.

"మనదే," అంది.

అక్కకి చెవులు వినపడవు. తమ్ముడికి మాత్రం ఇద్దరికీ సరిపడా వినపడతాయి. క్వారీలో అందరూ అతన్ని చెవులాయన అనడం అందుకే గాని, చెవులు పెద్దవని కాదు. కొండ మలుపు అవతల ఏదైనా లారీ మూలిగిందంటే, ఇక్కడ టీ తాగుతూనే అది ఎవరిదో చెప్పేస్తాడు, ఏ చక్రంలో బేరింగు అరిగిందో కూడా చెప్తాడు. వాళ్ళ నాన్న ఇద్దరికీ డ్రైవింగు అలాగే నేర్పాడు మరి. ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే మీటరు ముల్లు ఆయన రోజుల్లోనే పడుకుంది, మళ్ళీ లేవలేదు. లేపాలని ఎవరికీ అనిపించలేదు కూడా. "మీటరెందుకురా? చెవిని ఇంజన్‌కి అప్పజెప్పండి, కాళ్ళూ చేతులూ వాటి పని అవే చూసుకుంటాయి," అనేవాడు.

అప్పజెప్పడానికి ఆ ఇంజన్‌కి ఒక ప్రత్యేకమైన గొంతు ఉండేది. సిలిండర్లలోంచి పొగని బయటికి తీసుకెళ్ళే పోత ఇనుప గొట్టానికి ఎప్పుడో చీలిక వచ్చింది. ఆ చీలికలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అలసిపోయే ముందు ఆ టిక్కుటిక్కు కాస్తా చప్పరింపులా మారేది. చెవులాయన అది వినగానే గేరు తగ్గించేవాడు. ఎందుకు తగ్గించావని ఎవరైనా అడిగితే చెప్పలేడు. ఎడమ కాలు క్లచ్ మీదికి దానంతటదే వెళ్ళిపోయేది.

ఇదంతా బాగానే ఉండేది, క్వారీ గుంట లోతు పెరగనంత వరకూ. తవ్వగా తవ్వగా గుంట ఎక్కడికో దిగిపోయింది, పైకి వచ్చే దారి నిటారుగా లేచింది. కొత్త లారీలన్నీ బుస్సుమని ఎక్కిపోతున్నాయి. చెవులాయన బండి ముందుంటే మాత్రం, వెనక పెళ్ళి ఊరేగింపులా అరడజను బళ్ళు నత్తనడక నడవాల్సిందే. ఒకరోజు క్వారీ మేనేజరు అక్కాతమ్ముళ్ళిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు.

"వచ్చే వారం శుక్రవారం నేను పైన నిలబడి చూస్తాను. ఫుల్ లోడు. కింద నుంచి పైకి ఎక్కడా ఆగకుండా రావాలి. వస్తే మీ బండి ఇక్కడే ఉంటుంది. ఆగిందా, ఇంక నన్నేమీ అనొద్దు," అన్నాడు.

ఆ వయసు బండిని ఇంకో చోట పనికి ఎవరూ పెట్టుకోరు. పెట్టుకునేది ఒక్క పాత ఇనుము కొట్టువాడే. వాడు అప్పుడే ఒకసారి వచ్చి, పుచ్చకాయని తట్టి చూసినట్టు తొట్టిని వేళ్ళతో తట్టి చూసి వెళ్ళాడు కూడా! అది చూసి చెవులాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది గాని, రాత్రంతా మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టే ఉంది. ఆ బండి పోతే అతనూ, ఇంటావిడా, అక్కా, ముగ్గురూ రోడ్డున పడ్డట్టే.

అందుకే బాబాయ్ దగ్గరికి పరిగెత్తాడు. బాబాయ్ అంటే వరసకి బాబాయ్ కాదు, షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. డ్రైవర్లందరికీ ఆయన బాబాయే. బానెట్ ఎత్తి, టార్చి లైటు వేసి, చీలిక చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ దీంతోనే నడిపావా నాయనా? చూడు, ఆరు సిలిండర్ల పొగా ఈ ఇరుకు డబ్బాలోకే రావాలి. సినిమా వదిలాక జనమంతా ఒక్క తలుపు దగ్గరే తోసుకున్నట్టు. ఒకదాన్ని ఒకటి వెనక్కి నెట్టుకుంటున్నాయి. నీ ఇంజన్‌కి బలం లేక కాదు, ఊపిరాడక చస్తోంది. దీన్ని పీకేసి హెడర్లు వేద్దాం. ఆరు సిలిండర్లకీ ఆరు విడి గొట్టాలు, అన్నీ ఒకే పొడవు, దూరంగా వెళ్ళాక ఒకటవుతాయి. అప్పుడు చూడు దాని పరుగు!"

పాత బోల్టులు తుప్పుపట్టి తలకాయలు మాత్రమే ఊడొచ్చాయి. బాబాయ్ మంట పెట్టి, నూనె పోసి, బోల్టుల్ని తిట్టి, వాటి ముత్తాతల్ని కూడా తిట్టి, చివరికి పీకాడు. గొట్టాలు తనే వంచాడు, తనే వెల్డింగు చేశాడు. పేగులు మెలిపెట్టినట్టు ఒకదాని మీంచి ఒకటి వంకర్లు తిరిగి, ఇంజన్ పక్కన భలే అందంగా అమరాయి. షెడ్డు వెనక వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చి, "గాలిలో తేలిందిరా అబ్బాయ్!" అని స్టీరింగు మీద చరిచాడు.

గాలిలో తేలిన బండి మర్నాడు క్వారీ దారిలో సగానికొచ్చి చతికిలబడింది.

ఎలా జరిగిందో చెవులాయనకి అర్థం కాలేదు. కింద లోడు ఎత్తించుకుని బయల్దేరాడు. టిక్కుటిక్కు లేదు, చప్పరింపు లేదు. కింది నుంచి ఏదో లావుపాటి గుర్రుమనే చప్పుడు, పొట్టలోంచి వస్తున్నట్టు. దారి ఎత్తు ఎక్కుతుంటే ఆ గుర్రు ఇంకా లోతుకి దిగింది. అయ్యో, అలసిపోతోంది, చచ్చిపోతోంది అనుకుని గబుక్కున గేరు తగ్గించాడు. తగ్గించగానే అది కీచుమని అరిచింది. అమ్మో, పేలిపోతుందేమో అని మళ్ళీ పెంచాడు. మళ్ళీ గుర్రు. మళ్ళీ తగ్గించాడు. ఈ తగ్గించడం పెంచడం మధ్య బండి ఊపు ఎక్కడ పోయిందో పోయింది. పక్కనుంచి అక్క చెయ్యి చాపి, గేరు కర్ర మీద ఉన్న అతని చేతిని పట్టుకుంది.

"ఉండక్కా, నీకు వినపడదు కదా!" అని రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి దులిపేసుకున్నాడు.

అతను తన వైపు తిరగలేదు కాబట్టి ఆ మాట అక్కకి చేరలేదు. దులిపేసుకోవడం మాత్రం చేరింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంకో నాలుగు గజాలు పోయి బండి ఆగింది. అక్క దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టింది. వెనక లారీలన్నీ కిందికి దిగి, వీళ్ళు వెనక్కి దొర్లుకుంటూ దిగి, సగం లోడు పారబోసి, నానా హైరానా పడి పైకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

బాబాయ్ వచ్చాడు. గొట్టం చివర గుడ్డలు కుక్కి, అతుకుల మీద సబ్బునురగ పూసి ఇంజన్ ఆడించాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. బోల్టులు బిగించి చూశాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. డీజిల్ ఫిల్టరు మార్చాడు, గాలి ఫిల్టరు దులిపాడు. వీధిలో తిప్పుకొచ్చి, "బలం పెరిగింది," అన్నాడు.

"తగ్గింది బాబాయ్."

"పెరిగిందిరా!"

"నడిపేది నేను కదా, నాకు తెలీదా? తగ్గింది!"

"చేసింది నేను కదా, నాకు తెలీదా?" అని బాబాయ్ ఒంటికాలి మీద లేచాడు. కాసేపయ్యాక ఆయనే చల్లబడి, తల గోక్కుంటూ, "పెరిగిన బలం ఎక్కడికి పోతోందిరా మరి?" అని దీనంగా అడిగాడు. అడిగినవాడికీ తెలీదు, అడిగించుకున్నవాడికీ తెలీదు. ఇద్దరూ బానెట్ కింద తలలు పెట్టి ఆ ఆరు గొట్టాల వంకా వెర్రిమొహాలేసుకుని చూశారు. గొట్టాలు నిగనిగలాడుతూ ఉన్నాయి, వాటికేం!

ఆ వారమంతా చెవులాయన బుర్ర బుర్రలో లేదు. రాయి కొత్తగా బరువెక్కిందేమో అనుకున్నాడు. మనం పడుకున్నాక దారిని ఎవరైనా ఇంకాస్త లేపుతున్నారేమో అనుకున్నాడు. తన ఎడమ మోకాలికే ఏదో వచ్చిందని ఇంటావిడ చేత నూనె రాయించుకున్నాడు. ఒకరోజు బండి బాగానే ఎక్కినట్టు అనిపించి, సంతోషించబోయేలోపు మళ్ళీ ఆగింది. ఎందుకు ఎక్కిందో తెలీదు, ఎందుకు ఆగిందో తెలీదు. ఎక్కినందుకే ఎక్కువ భయం వేసింది.

ఇంట్లో ఇంకో గోల. అతని బండి వీధి మలుపు తిరగగానే ఇంటావిడకి వినపడేది. వెంటనే లేచి స్నానానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. ఇప్పుడు అతనొచ్చి గుమ్మంలో నిలబడితే తప్ప ఆవిడకి తెలియడం లేదు.

"ఎవరిదో బండి అనుకున్నానండీ. మలుపులో విన్నా గాని, మీరనుకోలేదు," అంది నొచ్చుకుంటూ.

"నేనే అనుకోవడం లేదు, ఇంక నువ్వేం అనుకుంటావు," అని చన్నీళ్ళే పోసుకున్నాడు.

ఇన్ని చోట్ల ఇంతమందితో మొత్తుకున్నాడు గదా, ఒక్క అక్కతో మాత్రం ఈ సంగతి మాట్లాడలేదు. చప్పుడు గురించి చెవిటి మనిషితో ఏం మాట్లాడతాం అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, బండిలో ఉండగా వాళ్ళు మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. అక్కకి చెప్పాలంటే ఆమె వైపు తిరగాలి. డ్రైవరు పక్కకి ఎలా తిరుగుతాడు?

ఒకప్పుడు అలా కాదు. అక్క కూడా ఆ టిక్కుటిక్కు వింటూ బండి నడిపేది. నాన్న పోయాక పొద్దున ఆమె, సాయంత్రం అతను. రాళ్ళు పిండి చేసే క్రషరు పక్కనే ఏళ్ళ తరబడి లోడు దింపుకుంటూ నిలబడిందేమో, ఆ హోరుకి ఆమె వినికిడి కొంచెం కొంచెంగా కరిగిపోయింది. ఒకరోజు ఆమె బండి వెనక్కి తీస్తుంటే వెనకున్న లారీవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. ఆమెకి వినపడలేదు. పోయింది ఒక అద్దమే గాని, చెవులాయన హడలిపోయాడు. "నువ్వింక దిగక్కా," అన్నాడు. అక్క దిగింది. ఎందుకని అడగలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచి తొట్టి మీద టార్పాలిన్ కప్పడం, తాళ్ళు బిగించడం, చక్రాల కింద రాళ్ళు పెట్టడం ఆమె పని అయింది. పక్క సీటు ఆమెది అయింది. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం వచ్చింది. మర్నాడే మేనేజరు పైన నిలబడే రోజు. చెవులాయన ఫుల్ లోడు వేయించుకుని, పళ్ళ బిగువున బయల్దేరాడు. గుర్రు, గేరు, కీచు, గేరు. మలుపు దాటిన కాసేపటికి బండి మామూలుగా ఆగాల్సిన చోటే ఆగింది. అక్క దిగి రాళ్ళు పెట్టింది. అతనూ దిగి, అక్కకి చేత్తోనే ఇక్కడే ఉండమని సైగ చేసి, ఫోన్ పట్టుకుని దారి వెంట పైకి నడిచాడు. గుంటలో సిగ్నల్ అందదు. పైన ఆఫీసు గది దగ్గర అందుతుంది.

ఆయాసపడుతూ పైకి చేరి బాబాయ్‌కి ఫోన్ కలిపాడు.

"బాబాయ్, ఆ కొత్తవి పీకేసెయ్. ఈ సాయంత్రమే పీకేసెయ్. పాతది, ఆ చీలికదే పెట్టెయ్."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? దాన్ని కోసి ముక్కలు చేశాను కదరా!"

"అయితే అతికించు!"

"పగిలిన కుండా అతికించడానికి? ఒరేయ్, చిలక్కి చెప్పినట్టు చెప్తున్నా విను, ఆ బండికి బలం..."

"బలం, బలం! చెవిలో జోరీగలా అదే మాట! మధ్యలో ఆగిపోయి ఉంది బండి, తెలుసా నీకు?"

ఇలా తిట్టుకుంటుండగా గుంటలోంచి ఏదో లారీ ఎక్కి వస్తున్న చప్పుడు వినపడింది. చెవులాయన తిడుతున్నవాడల్లా ఆగాడు. చెవి అటు పోయింది, అలవాటు కదా. లోడు బండే. కాని ఎంత నిబ్బరంగా వస్తోందో! ఒకే ఒక్క పొడుగాటి గుర్రు, ఎక్కడా తడబాటు లేదు. ఒకచోట గేరు మారింది. అంతే, మళ్ళీ అదే ధీమా. గుండె నిండా ఊపిరి పీల్చుకుని బరువు ఎత్తుకున్న మనిషి నడకలా ఉంది.

"ఏమైందిరా, మాట్లాడవేం?" అన్నాడు బాబాయ్.

"ఆగు బాబాయ్. ఏదో కొత్త బండి వచ్చినట్టుంది క్వారీకి. ఎవరి బండో గాని, భలే లాగుతోంది. అదీ ఇంజనంటే! వింటున్నావా? అలాంటిదొకటి ఉంటే నాకీ ఖర్మ పట్టేదా?"

ఫోన్ దూరంగా పట్టుకుని వినిపించాడు. అది విని బాబాయ్ గొంతు చించుకున్నాడు.

"ఒరేయ్ అప్రాచ్యుడా! అది నా గొట్టాల చప్పుడు కదరా!"

అప్పుడే గట్టు మీదికి లారీ ముక్కు లేచింది. సొట్టపడ్డ బంపరు, ఒక పక్క వేరే రంగు అద్దం, ఎండకి వెలిసిపోయిన టార్పాలిన్. స్టీరింగు వెనక అక్క. చీర కొంగు నడుముకి దోపుకుని, రోడ్డు మీద కళ్ళు పెట్టి, తొణక్కుండా బెణక్కుండా వచ్చి, ఆఫీసు గది పక్కన బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి దిగింది.

"వెనక బండి అబ్బాయి దారిమ్మని లైట్లు వేసి చంపుతున్నాడు. నువ్వు రాలేదు. అందుకని తీసుకొచ్చేశా," అంది, తప్పు చేసినదానిలా.

చెవులాయన ఫోన్ కట్ చేయడం కూడా మర్చిపోయి జేబులో వేసుకున్నాడు. చొక్కా జేబులోంచి బాబాయ్ "హలో, హలో" అని అరుస్తూనే ఉన్నాడు.

"ఎలా తెచ్చావు?" అన్నాడు.

"ఎలా ఏంటి? గేరు వెయ్యాల్సినప్పుడు వేశా, వద్దనుకున్నప్పుడు ఊరుకున్నా."

"వెయ్యాలని నీకెలా తెలుసు? నీకు..." అని ఆగిపోయాడు.

"వినపడదు. అవును," అంది అక్క. "వినపడకపోతే తెలీదా? అలసిపోతే ముందు సీటు వణుకుతుందిరా. తర్వాత గేరు కర్ర వణుకుతుంది. రెండూ వణక్కపోతే దానికి సత్తువ ఉన్నట్టే. నువ్వు ఎక్కడ గేరు తగ్గిస్తున్నావో తెలుసా? అది బ్రహ్మాండంగా లాగుతున్నప్పుడు. అది లాగుతూనే ఉంది, నువ్వే మధ్యలో వదిలేస్తున్నావు."

"అది మూలుగుతోంది కదక్కా! పాణం పోతున్నట్టు మూలుగుతోంది!"

"నాకేం తెలుసు? నా సీటు మాత్రం కదల్లేదు."

చెవులాయనకి వారం నుంచి వెతుకుతున్నది దొరికింది, అది కాస్తా ఎక్కడో కాదు, తన చెవుల్లోనే దొరికింది. పాత గొట్టంతో చప్పుడు మారిందంటే అలసట. కొత్త చప్పుడులో గుర్రుమంటే బలం. బండి మారింది, అతని కాలు మారలేదు. అర్థమైందే గాని, అర్థమవడం వల్ల ఇంకా గందరగోళంగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ చెవుల మీదే బతికాడు. అవే ముంచుతాయని కలలో కూడా అనుకోలేదు.

"మరి నాకు ముందే చెప్పవేం?" అన్నాడు, కోపం ఎవరి మీదో తెలీక.

"చెప్పాను. మొదటి రోజే నీ చెయ్యి పట్టుకుని చెప్పాను," అంది అక్క.

చెవులాయనకి సిగ్గేసింది. ఆ చెయ్యి దులిపేసుకోవడం గుర్తొచ్చింది. దాని వెనకే, అద్దం పగిలిన రోజు అక్క మాట్లాడకుండా దిగిపోవడం గుర్తొచ్చింది. ఆ రోజు తను అక్కని కాపాడాననే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటున్నాడు.

అయినా మనిషి అంత సులువుగా లొంగుతాడా? సాయంత్రం చెవుల్లో దూది కుక్కుకుని తనే మళ్ళీ నడిపి చూశాడు. చప్పుడు దూదిలోంచి రాకపోతే నేలలోంచి వచ్చింది, దవడ ఎముకలోంచి వచ్చింది. వినకూడదు అనుకున్నకొద్దీ ఇంకా వినపడింది. ఎడమ కాలు తన మాట వినలేదు. బండి అదే చోట ఆగింది. దూది పీకి కిటికీలోంచి పారేశాడు.

శుక్రవారం పొద్దున మేనేజరు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. కింద లోడు ఎత్తడం అయింది. అక్క తాళ్ళు బిగించి, చేతులు దులుపుకుని, ఎప్పట్లాగే పక్క సీటు వైపు వచ్చేసరికి అక్కడ తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

అక్క అర్థం కాక చూసింది. అతను జరగలేదు. స్టీరింగు వైపు చూపించాడు.

లోడు లెక్క చూసే మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. "ఇదేంటయ్యా? అక్క నడపడమేంటి? ఆవిడకి హారన్ వినపడదు కదా! ఎవరైనా అడ్డమొస్తే?"

"హారన్ నేను వింటాను," అన్నాడు చెవులాయన. "బండి అక్క నడుపుతుంది."

"అలా ఎక్కడైనా ఉందా?"

"ఇక్కడుంది. ఈ దారి క్వారీది, పైనున్నది మీ మేనేజరు. బండి ఆగకుండా రావాలన్నాడు గాని, ఎవరు నడపాలో చెప్పలేదు." తర్వాత, స్టీరింగు వెనక ఎక్కి కూర్చున్న అక్క వైపు పూర్తిగా తిరిగి, ఆమె మోకాలి మీద తట్టి చూపించాడు. ఒకసారి తడితే ఆపు, రెండుసార్లు తడితే పో. అక్క అతని పెదాల వంక, మోకాలి మీది చేతి వంక మార్చి మార్చి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని కప్పిపుచ్చడానికి అద్దం సరిచేసుకుంది. సీటు ముందుకి జరుపుకుంది. తమ్ముడి పొడుగాటి కాళ్ళకి సర్ది ఉంది మరి.

బండి కదిలింది. చెవులాయన కిటికీ చువ్వని గట్టిగా పట్టుకున్నాడు. దారి లేచింది. గుర్రు మొదలైంది. అతని ఎడమ కాలు ఖాళీ నేల మీద ధనామని తొక్కింది. అక్క కాలు కదల్లేదు. గుర్రు ఇంకా లోతుకి పోయింది. అతని కాలు మళ్ళీ తొక్కింది. అక్క స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఊరికే కూర్చుంది. చెయ్యి చాపి గేరు కర్ర పట్టుకుందామని అతనికి ఎంత దురదగా ఉందంటే, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మలుపు వచ్చింది. రోజూ ఆగే చోటు వచ్చింది. చక్రాల వెనక పెట్టిన రాళ్ళు ఇంకా దారి పక్కనే పడి ఉన్నాయి. "పోతుంది, పోతుంది, ఆగిపోతుంది," అని అతను పైకే అన్నాడు. అక్కకి వినపడలేదు, అదే మంచిదైంది. ఆ రాళ్ళు కిటికీ పక్కనుంచి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాయి. అక్క అప్పుడు, అతని కాలు ఒక్కసారి కూడా తొక్కని చోట, నెమ్మదిగా గేరు మార్చింది.

గట్టు మీద గొడుగు కింద నుంచి మేనేజరు తల వంచి కిటికీలోకి చూశాడు.

"ఇంజన్ మార్చారా?"

"లేదు సార్, డ్రైవర్ని మార్చాం," అన్నాడు చెవులాయన. మేనేజరు స్టీరింగు వెనకున్న మనిషిని ఒకసారి, పక్కనున్న మనిషిని ఒకసారి చూసి, "సరే, పనిలో ఉండండి," అని చెయ్యి ఊపి, తన దారిన తను వెళ్ళిపోయాడు.

అక్క హ్యాండ్ బ్రేకు వేసింది. ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆమె తమ్ముడి వైపు తిరిగింది. స్టీరింగు వెనక నుంచి ఆమె అలా తిరిగి మాట్లాడి ఎన్నేళ్ళయిందో!

"ఒరేయ్," అంది, "ఇప్పుడెలా ఉందిరా దీని చప్పుడు?"

చెవులాయన నోరు తెరిచాడు. వారం రోజులుగా ఆ చప్పుడు గురించి బాబాయ్‌తో చెప్పాడు, ఇంటావిడతో చెప్పాడు, టీ కొట్లో కనపడ్డ ప్రతివాడితో చెప్పాడు. అక్క అడిగేసరికి ఒక్క మాట రాలేదు. ఆమె కళ్ళు అతని పెదాల మీదే ఉన్నాయి. చెవి పెట్టి విన్నాడు, నిజంగా విందామనే విన్నాడు.

"తెలీదక్కా," అన్నాడు చివరికి, ఒక్కో అక్షరం నిదానంగా పలుకుతూ. "నా చెవుల్లో ఇంకా పాతదే ఉంది. టిక్కుటిక్కు."

అక్క నవ్వింది.

"నా చెవుల్లోనూ అదే ఉందిరా," అంది.

వెనక లారీ హారన్ కొట్టింది. చెవులాయన అక్క మోకాలి మీద రెండుసార్లు తట్టాడు. అక్క ముందుకి తిరిగి గేరు వేసింది.